పేజింగ్ ఫైల్ సైజు: ర్యామ్‌ను ఒకటిన్నరతో గుణించే లెక్క ఇక వదిలేయండి

ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలే పేజింగ్ ఫైల్. దానికి "ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టేయ్, సరిపోతుంది" అనే మాట ర్యామ్‌ను ఎంబీల్లో కొనే కాలం నాటిది. ఆ లెక్కన 32 జీబీ ఉన్నవాళ్లు 48 జీబీ డిస్కు ఊరికే వదులుకోవాలి, 4 జీబీతో నెట్టుకొచ్చేవాళ్లకు 6 జీబీతో సరి. అవసరం చూస్తే దీనికి తలకిందులు: ఒకే పనికి ర్యామ్ ఎంత తక్కువుంటే పేజింగ్ ఫైల్ అంత పెద్దది కావాలి.

చూడాల్సింది ఇంకో అంకె. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ తెరవండి. 'కమిటెడ్' కింద 11.2/13.8 లాగా రెండు అంకెలుంటాయి. మొదటిది ప్రోగ్రాములకు విండోస్ ఇస్తానని ఒప్పుకున్న మెమరీ. రెండోది ర్యామ్, పేజింగ్ ఫైల్ కలిపిన హద్దు. ఆ హద్దు పెరగడానికి వీల్లేనప్పుడు మొదటిది దాన్ని తాకితే 'అవుట్ ఆఫ్ మెమరీ' వస్తుంది, లేదంటే ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది. ఒప్పుకున్నదంతా ఇంకా వాడకపోయినా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ర్యామ్ ఖాళీగా కనబడుతుండగానే ఇట్లా జరగొచ్చు. 'నో పేజింగ్ ఫైల్' పెట్టుకున్నవాళ్లకు తరచూ తగిలే దెబ్బ ఇదే.

కొలవడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చాలు. పని ఎక్కువున్న రోజు సాయంత్రం, సిస్టమ్ ఆపకముందే, కంట్రోల్ ఐ నొక్కి మెమరీ ట్యాబ్‌లో కమిట్ చార్జ్ 'పీక్' చూడండి, అంటే పైన చెప్పిన మొదటి అంకె సిస్టమ్ ఆన్ చేసినప్పటి నుంచి ఎంతవరకు వెళ్లిందో అది. అందులోంచి ర్యామ్ తీసేస్తే వచ్చేది ఇనీషియల్ సైజు, దానికి రెట్టింపు మాగ్జిమమ్. 8 జీబీ ర్యామ్, పీక్ 13 జీబీ అయితే 5120, 10240 ఎంబీ. పీక్ ర్యామ్ కంటే తక్కువొస్తే సైజు విండోసే చూసుకునే 'సిస్టమ్ మేనేజ్డ్'కే వదిలేయండి. సున్నా మాత్రం వద్దు, బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు డంప్ (అప్పటి మెమరీ కాపీ) రాసుకోవడానికీ ఆ ఫైలే కావాలి.

కడప, అనంతపురం బజార్లలో ఫ్లెక్సీ డిజైన్ చేసే సిస్టమ్‌నే తీసుకోండి. 20×10 అడుగుల బ్యానర్, 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు), నాలుగు ప్రింటు రంగుల సీఎంవైకే: 17,280×8,640 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు. నిండుగా పరిచిన ఒక్క లేయరే 570 ఎంబీ దాకా తింటుంది. అదే 150 డీపీఐ పెడితే 2.4 జీబీ పైనే (అంత పైనుంచి వేలాడేదానికి 150 ఎందుకో మరి). ఇక్కడ చాలామంది పొరబడేది: ఫొటోషాప్ తన తాత్కాలిక డేటా పెట్టుకునే స్క్రాచ్ డిస్క్ వేరు, పేజింగ్ ఫైల్ వేరు. 'స్క్రాచ్ డిస్క్ ఫుల్' అంటే పేజింగ్ ఫైల్ పెంచి లాభం లేదు, స్క్రాచ్ ఉన్న డ్రైవ్‌లో ఖాళీ చేయాలి.

మార్చడానికి స్టార్ట్‌లో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' వెతకండి. పర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్. పైనున్న 'ఆటోమేటికల్లీ మేనేజ్' టిక్కు తీసి, డ్రైవ్ ఎంచుకుని, కస్టమ్ సైజులో అంకెలు కొట్టి 'సెట్' నొక్కాలి. సెట్ నొక్కకుండా ఓకే కొడితే మార్పు పడదు. తగ్గించినప్పుడు రీస్టార్ట్ తప్పదు.

120 జీబీ ఎస్ఎస్డీ, పక్కన పాత హార్డ్ డిస్క్ ఉంటే ఫైల్‌ను ఎస్ఎస్డీ మీదే ఉంచండి. అరిగిపోతుందని డి డ్రైవ్‌కు మారిస్తే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. ఒకే డిస్కును సి, డి అని కోసి అటు మార్చినా ఒరిగేదేమీ లేదు. సిస్టమ్ మేనేజ్డ్‌లో ఫైల్ ర్యామ్‌కు 3 రెట్లు లేదా 4 జీబీ, ఏది ఎక్కువైతే అంతవరకు పెరగగలదు, కానీ డ్రైవ్ సైజులో ఎనిమిదో వంతు దాటదు. 120 జీబీ డిస్కంతా సి డ్రైవే అయితే అది దాదాపు 14 జీబీ. సి నిండిపోయి ఉంటే అదీ పెరగదు.

సైజు సరిచేశాక కూడా మెమరీ చాలట్లేదని వస్తుంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 2004 నంబరు ఈవెంట్ వెతకండి. మెమరీ ఎక్కువ మింగిన ప్రోగ్రాముల పేర్లు అందులో ఉంటాయి. ఒకటే ప్రోగ్రామ్ పొద్దున్నుంచి సాయంత్రానికి పెరుగుతూనే పోతుంటే అది లీక్, అంటే తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం. ఫైల్ 20 జీబీ చేసినా అదీ నింపేస్తుంది, ఆ ప్రోగ్రామ్‌ను అప్‌డేట్ చేయాలి, లేదా తీసేయాలి.