పదిన్నర నీడ

రంగులు పలచన చేసే టర్పెంటైన్ వాసనకి నిద్ర పట్టట్లేదని తేల్చేసి, మావారు దిండు తీసుకుని చిన్నదాని గదిలోకి వెళ్లిపోయారు. వాసన ఉన్న మాట నిజమే. నాకు మాత్రం నిద్ర పట్టకపోవడానికి కారణం వేరు. పొద్దున ఆరుబయట బొమ్మల క్లాసులో మాస్టారు "ఇటివ్వండమ్మా" అని నా చేతిలోంచి కుంచె తీసుకుని నా బొమ్మ మీద రెండు గీతలు వేశారు.

చెప్పుకుంటే ఇంతే విషయం.

నిజానికి ఇవాళ పని బాగా సాగింది. గాలి లేదు, కాన్వాసు నిలబెట్టే ఈజిల్ ఊగలేదు. గొడుగు సరిగ్గా నిలబడింది. (గొడుగు నా కోసం కాదు, కాన్వాసు కోసం అని చిన్నదానికి ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతుంది. కాన్వాసు మీద ఎండ పడితే ప్రతి రంగూ వెలిగిపోతున్నట్టే ఉంటుంది. అదే బొమ్మని ఇంట్లోకి తెచ్చి చూస్తే మసి పూసినట్టుంటుంది.) గోడ పసుపు అనుకున్నట్టే కుదిరింది. ఆకాశంలో ఒక పురుగు అతుక్కుంది, తీయలేదు. చిత్రకారుడు వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మ రంగులో చచ్చిపోయిన మిడత ఒకటి ఇరుక్కుని ఉందని 2017లో అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక మ్యూజియం వాళ్లు కనిపెట్టారు. ఆయన బొమ్మలో మిడత ఉండగా లేనిది నా ఆకాశంలో పురుగుంటే ఏం?

సరిగ్గా అప్పుడే మాస్టారు వెనక నిలబడ్డారు. గోడ మీద చెట్టు నీడ దగ్గర ఒకటి అడ్డంగా, ఒకటి కిందికి, రెండంటే రెండు గీతలు. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అంతే. ఆయన పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. తరవాత బొమ్మలన్నీ వరసగా నిలబెట్టి చూస్తుంటే, అందరూ నా బొమ్మ దగ్గర ఆగారు. "ఆ నీడ ఎంత బావుందో" అన్నారు. ఒక్కరు కూడా గోడ మాట ఎత్తలేదు. పొద్దుటి నుంచీ నేను తంటాలు పడింది ఆ గోడతోనే! మాస్టారు కూడా ఆ నీడ తనదని అనలేదు. నేనూ అనలేదు. థాంక్స్ అన్నాను. ఆ థాంక్స్ ఇప్పటికీ గొంతులో అడ్డం పడి ఉంది.

మీకు గుర్తుందో లేదో, అక్క గురించి ఎప్పుడో రాశాను. బోటనీ రికార్డులో మందార పువ్వు నిలువుకోత వేయాలి. రేకులు, కాడ, అండాశయం అన్నీ నేనే వేశాను. లోపలి కేసరాల దగ్గర చెయ్యి ఆడక కూచుంటే, అక్క పెన్సిల్ లాక్కుని పుప్పొడి తిత్తులన్నీ వేసేసింది. ఒక్కొక్కటీ గుండ్రంగా, ఒక వైపు సన్నటి చుక్కలతో నీడ. అది చుక్కలు పెడుతుంటే పెన్సిల్ మొన చేసే టిక్ టిక్ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మర్నాడు టీచర్ ఆ పేజీ క్లాసంతటికీ చూపించి, వేలు పెట్టింది మాత్రం సరిగ్గా ఆ చుక్కల మీదే. ఆ రికార్డు దిద్ది ఇచ్చాక మళ్లీ తెరవలేదు. అక్కతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాను, దానికి ఎందుకో తెలియనే లేదు పాపం. మర్నాడు దానికీ పరీక్ష ఉంది. తన చదువు పక్కన పెట్టి కూచుంది. ఇదంతా గుర్తొస్తుంటే కోపం తగ్గింది. మాస్టారు మాత్రం నా చెడు కోరి వేశారా? నీడ అంచు ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎక్కడ గోడలో కలిసిపోవాలో మాటల్లో చెబితే నాకు బుర్రకెక్కేదా?

అలా సర్దుకుని, లేచి దీపం వేసి బొమ్మ ఇంకోసారి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఆ నీడ పదిన్నరది. నేను మొదలుపెట్టింది ఎనిమిదింటికి. అప్పటికి చెట్టు నీడ గోడ మీద కిటికీ దాకా ఎక్కి, లేత నీలంగా, అంచులు చెదిరి ఉంది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ అది గోడ మొదట్లోకి దిగిపోతుంది, ముదురుతుంది. ఆయన వచ్చినప్పుడు ఎదురుగా ఏం ఉందో అదే వేశారు, ఆ మాటకొస్తే అద్భుతంగా వేశారు. నా గోడ, నా మెట్లు, నా ఆకాశం మాత్రం ఎనిమిది గంటలవి. ఒకే బొమ్మలో రెండు సూర్యుళ్లు! చిత్రకారుడు మోనే గడ్డివాములు వేస్తున్నప్పుడు వెలుతురు మారగానే ఆ కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి ఎత్తుకునేవాడని మొదటి వారం మాకు చెప్పింది ఈ మాస్టారే కదా.

ఇప్పుడు మళ్లీ కోపం. ఈసారి మాత్రం కారణం ఉన్న కోపం, ఇందులో ఒక రకమైన సుఖం ఉంది.

రంగులు కలిపే పాలెట్ నైఫ్‌తో గీకేస్తే పోతుంది, ఇంకా పచ్చిగానే ఉంది. కానీ అంబర్‌తో చిక్కేంటంటే, అందులో ఉన్న మాంగనీస్ వల్ల రంగులోని నూనె త్వరగా ఆరుతుంది. గోడలోని టైటానియం వైట్, కాడ్మియం పసుపు ఇంకా చాలా రోజులు పచ్చిగా ఉంటాయి గానీ, ఆ నీడ మాత్రం రేపోమాపో గట్టిపడుతుంది. తీస్తే ఇప్పుడే తీయాలి. నైఫ్ తెచ్చుకున్నాను కూడా. రెండో గీత చివర కుంచె వెంట్రుకలు విడివిడిగా లాగిన చోట, సందుల్లోంచి నా పసుపు కనిపిస్తోంది. అలాంటి చివర నా చేత్తో ఇంతవరకూ రాలేదు. నైఫ్ డబ్బాలో పెట్టేశాను.

నూనె గుడ్డలు మళ్లీ ఎవరో ఉండచుట్టి మూల పడేశారు. లిన్సీడ్ (అవిసె) నూనె గుడ్డలు అలా కుప్పగా ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని ఈ ఇంట్లో గోడ మీద రాసి పెట్టాలేమో. విప్పి, తడిపి, బయట మూతున్న రేకు డబ్బాలో వేసి వచ్చాను.

రేపు కాన్వాసు కాకుండా రెండు చిన్న బోర్డులు పట్టుకెళ్తాను, తొమ్మిదిన్నర దాకా ఒకటి, తరవాత ఇంకోటి. మాస్టారు చెయ్యి చాపితే, "మీరు చెప్పండి సార్, నేను వేస్తాను" అనాలి. అనగలనా అని ఇందాక బాత్రూం అద్దం ముందు అని చూశాను. "ఎవరితోనే, ఈ టైంలో?" అని ఆ గదిలోంచి కేక.