వత్తు కింద చోటు

పదో తరగతిలో నాకొచ్చిన మార్కులు ఇక్కడ రాసుకునేంతవి కావు. దస్తూరి మాత్రం గుండ్రంగా ఉండేది. అందుకని ప్రార్థనకు గంట కొట్టేలోపు వరండాలోని నల్లబల్ల మీద ఆనాటి సూక్తి, నాలుగు వార్తలు రాసే పని తెలుగు మాస్టారు నాకు అప్పగించారు. పైన పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టేవాణ్ణి. కిందికొచ్చేసరికి చోటు చాలేది కాదు. ‘రాష్ట్రం’లో వత్తులు రెండూ కింది వరుస నెత్తినెక్కి కూర్చునేవి. మాస్టారు డస్టర్‌తో ఆ వరుస తుడిచేసి, "గీత కొట్టుకునేటప్పుడే వత్తుకు చోటు వదలాలిరా" అనేవారు. ఈ పూర్వ విద్యార్థుల సంచిక చదివే మన 2001 బ్యాచ్ వాళ్ళకు ఆ బల్ల గుర్తుండే ఉంటుంది. చాక్‌పీసులు ఎవరు కొట్టేసేవారో కూడా.

ఆ వేసవిలోనే తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనికి కుదిరాను. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఇంజినీరింగ్ మాట మా ఇంట్లో ఎత్తేవాళ్ళు లేరు. ప్రెస్సు బాబాయి నాకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు నేర్పాడు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడూ రంగస్థల పోటీల బ్రోచర్లు. ఒకసారి పెళ్ళికొడుకు ఇంటిపేరులో నా చేతుల్లో ఒక అక్షరం తప్పు పడింది. మూడు వందల కార్డులు మళ్ళీ కొట్టాం. కాగితం ఖర్చు నా జీతంలో పోయింది. ప్రూఫ్ రెండుసార్లు చదవడం, రెండోసారి వెనక నుంచి ముందుకు చదవడం అప్పుడు అలవాటైంది.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు ముప్పై రూపాయలు. అక్కడ ఒక రోజు వ్యూ మెనూలో ‘సోర్స్’ అని ఉంటే నొక్కాను. పేజీ వెనకున్న రాతంతా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంది. ఎవరో ఎక్కడో కష్టపడి చేసిన పని, గుట్టు దాచుకోకుండా నా ముందు పెట్టినట్టుంది. ఫ్లాపీలో ఎక్కించుకుని, రాత్రి ప్రెస్సు కంప్యూటర్‌లో ఆ రాతలో పేజీని తీర్చే గుర్తులుంటాయి, ట్యాగులంటారు, వాటిలో ఒక్కోటి తీసేసి ఏం చెడుతుందో చూసేవాణ్ణి. నా చదువంతా ఇలా చెడగొట్టి నేర్చుకున్నదే. తర్వాత హైదరాబాదులో ఉన్న స్నేహితుడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర దొరికే, వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ నోట్సు జిరాక్సులు తెచ్చిపెట్టాడు. కోర్సు ఫీజుకు డబ్బుల్లేవు గానీ జిరాక్సులకు ఉన్నాయి.

తెలుగు పేజీలతోనే అసలు తంటా. అను ఫాంటులో కొట్టింది నెట్‌లో పెడితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప కనిపించేది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్ అప్పటికే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటూ ఉంది. కానీ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి మన లిపులకు కావలసిన ఫైళ్ళు విడిగా ఎక్కించాలి, దానికి మళ్ళీ సీడీ కావాలి. నేను చేసిన మొదటి తెలుగు పేజీ సరిగ్గా కనబడాలని నెట్ సెంటర్ ఓనర్ని బతిమాలి ఎనిమిది కంప్యూటర్లలో సీడీ పెట్టి తిప్పాను.

ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా తెలుగు వస్తుంది. తగాదా ఇంకోచోట మిగిలింది. ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని చేసిన డిజైన్‌లో బటన్ ఎత్తు తక్కువగా ఉంటుంది. అందులో తెలుగు పోస్తే కింద తెగిపోతుంది. ఒక బట్టల కొట్టు సైటులో ‘స్త్రీల దుస్తులు’ అన్న బటన్ ‘సీల దుసులు’ అయి కూర్చుంది. కొట్టు వాళ్ళు ఆరు నెలలుగా చూడలేదట. అందుకే తెలుగు పేజీకి లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు వదిలే ఎత్తు, అక్షరం సైజుకు ఒకటీ ముప్పావు రెట్లకు తక్కువ పెట్టను. ఖాళీ ఎక్కువైందని కస్టమర్లు గొణుగుతారు. గొణగనీ.

నా మొదటి కస్టమర్ మన ఊరి శిల్పి ఒకాయన. తెనాలి విగ్రహాలు ఎక్కడెక్కడికి వెళ్తాయో మీకు తెలుసుగా. నాలుగు వేలకు మాట్లాడుకున్నాం. సైటు బాగానే వచ్చింది, ఆర్డర్లూ వచ్చాయి. డొమైన్, అంటే సైటు చిరునామా, మాత్రం నా పేరున, నా మెయిల్‌తో తీసుకున్నాను. తర్వాత పని కోసం హైదరాబాదు చేరాను, ఆ మెయిల్ తెరవడం మానేశాను. రెన్యువల్ గడువు దాటింది. గడువు తీరిన తర్వాత కూడా ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకోవడానికి కొన్నాళ్ళు వీలుంటుంది. నేను చూసేసరికి అదీ అయిపోయింది. ఆ పేరును ఎవరో కొనేసి ప్రకటనలు పెట్టుకున్నారు.

చెప్పడానికి బస్సెక్కి వచ్చాను. ఆయన నన్ను తిట్టలేదు. షెడ్డు ముందు బోర్డు మీద పెయింటుతో రాయించిన సైటు పేరును పాత గుడ్డకు టర్పెంటైన్ అద్ది ఒక్కో అక్షరమే తుడుస్తూ, "కొత్తది ఏం పెడదాం?" అన్నాడు. తిట్టినా బాగుండేది. కొత్త డొమైన్ ఆయన పేరున, ఆయన మెయిల్‌తో, నా డబ్బుతో తీసుకున్నాం. పాస్‌వర్డులు ఆయన పద్దుల పుస్తకం చివరి పేజీలో నా దస్తూరితోనే రాసిచ్చాను. అప్పటినుంచి నాది ఒకటే మాట, తాళాలు యజమాని దగ్గరే ఉండాలి. రేపు నన్ను కాదని ఇంకొకరి దగ్గరికి పోవాలనుకుంటే పోవచ్చు. ఇలా చేస్తే కస్టమర్లు చేజారిపోతారని ఈ పనిలో ఉన్నవాళ్ళు నవ్వుతారు. కొందరు జారారు కూడా.

ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకుండా సొంతంగా సైట్లు చేస్తాను, దీన్నే ఫ్రీలాన్స్ అంటారు. ఫ్రీలాన్స్ అంటే ఫ్రీగా చేస్తాననుకుంది మా అత్తగారు. కొందరు కస్టమర్లది ఇప్పటికీ అదే నమ్మకం. "చిన్న మార్పే కదా" అన్న మాట వినగానే సగం అడ్వాన్స్ అడగడం నేర్చుకున్నాను. జీతం స్లిప్పు లేదని ఇంటి లోను మొదటిసారి రాలేదు, మూడేళ్ళ రిటర్నులు పెట్టాక వచ్చింది. పిండిమర ఆయన సైటు కావాలని వస్తే, అక్కర్లేదని చెప్పి గూగుల్ మ్యాప్స్‌లో మర పేరు, ఫోన్ నంబరు పెట్టించి పంపాను. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆయన నాకు కిలో మినప్పిండి ఇచ్చాడు.

ఈ సంచిక కోసం మన బ్యాచ్ పేజీ చేసి పోయిన నెల మాస్టారింటికి తీసుకెళ్ళాను. నా ఫోన్ చూపిస్తే పక్కన పెట్టి, తన పాత ఫోన్‌లో తెరిచారు. అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నారు. కళ్ళద్దాలు సర్దుకుని, "కార్యక్రమంలో క కింద వత్తు ఏదిరా?" అన్నారు. నా ఫోన్‌లో ఉంది. ఆయన ఫోన్‌లో నిజంగానే లేదు. ఇంటికొచ్చి ఆ పెట్టె ఎత్తు సరిచేసి, మళ్ళీ తెరవమని ఫోన్ చేశాను.

"ఆఁ, ఇప్పుడుంది" అన్నారు. కాసేపు చప్పుడు లేదు. "రెండో పేరాలో ‘కృతజ్ఞత’ చూడు."