4-టెక్ ఆయిల్‌లో నీళ్ళు: దొంగ ఎగ్జాస్ట్ మానిఫోల్డే

ఆయిల్‌లోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎట్టకేలకు దొరికింది! ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగను బయటికి పంపే భాగం. బండి సీడూ జీటీఐ 130 అనే జెట్ స్కీ (నీళ్ళ మీద నడిపే స్కూటర్), రోటాక్స్ 1503 4-టెక్ ఇంజన్, సూపర్‌ఛార్జర్ (గాలిని ఒత్తి పంపే పరికరం) లేని రకం. తూపిలిపాళెం సముద్రంలో తిప్పాక డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలెక్కువైన కాఫీలా తేలింది. తిరుపతికి తెచ్చి ఆయిల్ మార్చినా మళ్ళీ అదే రంగు.

రంగు చూసి సిలిండర్ హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పేయకూడదు. ఈ ఇంజన్‌లో మొత్తం ఆయిల్ 4.5 లీటర్లు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి లాగితే వచ్చేది 3 లీటర్లే, మూడో వంతు లోపలే ఉండిపోతుంది. కొత్తగా నీళ్ళు చేరకపోయినా 9 శాతం ఉన్నది మొదటి మార్పుకు 3, రెండో మార్పుకు 1 అవుతుంది. అంతవరకు తెల్లగానే కనిపిస్తుంది. పైగా నీళ్ళ బయట, ట్రైలర్ మీద 2 నిమిషాలకు మించి నడపకూడదు, డ్రైవ్ లైన్ సీల్‌కు (డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ నీళ్ళను ఆపే సీల్) చల్లదనం అందదు. అంత తక్కువసేపట్లో ఆయిల్ వేడెక్కి నీళ్ళు ఆవిరి కావడం జరగని పని.

అందుకే కొలిచాం. 100 మి.లీ. ఆయిల్‌ను గీతలున్న గాజు గొట్టంలో పోసి, 60 డిగ్రీల వేడినీళ్ళలో నిలబెట్టి రాత్రంతా వదిలేస్తే అడుగున నీళ్ళు తేరుకుంటాయి. మొత్తం విడిపోవు, ఆయిల్‌లోని డిటర్జెంట్ కొంత పట్టుకునే ఉంటుంది. కాబట్టి ఒకే పద్ధతిలో తీసిన శాంపిళ్ళనే పోల్చాలి. ఆ నీళ్ళను సిరంజితో లాగి, బ్యాటరీ వాటర్‌తో పదింతలు పలచన చేసి టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచేది) పెట్టాలి. సముద్రపు నీరు 35,000 పీపీఎం దగ్గర ఉంటుంది, చేతి మీటర్లు పదివేల లోపే ఆగిపోతాయి.

మొదటి శాంపిల్: 9 మి.లీ. నీళ్ళు, లెక్క కడితే 31,000. సముద్రమే, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరుస్తూ మూసిన దారిలో తిరిగే ద్రవం) కాదు. ఒక మార్పు, పైపు నీళ్ళతో 2 నిమిషాల రన్ తర్వాత 3 రావాల్సింది 4 మి.లీ. వచ్చింది, టీడీఎస్ 23,400. రెండో మార్పు, అలాంటి రన్ తర్వాత 2.4 మి.లీ., 13,600. లోపల మిగిలింది పాత నీరే అయితే పరిమాణం తగ్గాలి గానీ ఉప్పు గాఢత తగ్గకూడదు. తగ్గిందంటే మన బోరు నీళ్ళు (700) లోపలికి పోతున్నట్టే. రన్‌కు 1 శాతం, అంటే సుమారు 45 మి.లీ.

హల్ (బండి అడుగు తొట్టి) లోపల పొడిగా ఉంది కాబట్టి కార్బన్ రింగ్ (డ్రైవ్ షాఫ్ట్ హల్‌ను దాటే చోటి సీల్) అనుమానం పోయింది. కూలెంట్ వైపు 13 పీఎస్ఐ పెడితే ముల్లు కదల్లేదు, ట్యాంక్ మట్టం తగ్గలేదు. హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్, వాటర్ పంప్ సీల్ అన్నీ తప్పుకున్నాయి. లీక్‌డౌన్ (సిలిండర్‌లో గాలి నింపి ఎంత కారుతుందో చూసే పరీక్ష) మూడు సిలిండర్లలోనూ బాగుంది. మూడో ప్లగ్ ఒక్కటే తుప్పు రంగులో తడిగా ఉంది. బయటి నీళ్ళు ఇంజన్‌ను తాకే చోటు ఇక ఎగ్జాస్ట్ మానిఫోల్డే. విప్పి, పోర్టులకు రబ్బరు పలకలు బిగించి, వాటర్ జాకెట్‌లోకి (చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీ) 15 పీఎస్ఐ గాలి పెట్టి వేడినీళ్ళ తొట్టిలో ముంచితే మూడో పోర్టు లోపలి గోడ నుంచి సన్నని బుడగలు. చల్లటి నీళ్ళలో ఒక్క బుడగా రాలేదు! నీళ్ళు ఆ పోర్టు నుంచి వాల్వ్ దాటి, రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతున్నాయన్నమాట.

ఆర్గాన్ వెల్డింగ్ చేయిద్దామనే సలహా ఆటోనగర్‌లో ఎవరైనా ఇస్తారు. ఉప్పు తిన్న అల్యూమినియం మీద వెల్డ్ పక్కనే మళ్ళీ చిల్లు పడుతుంది, వద్దు. ఫ్లష్ చేయడానికి డీజిల్ కలపడం ఇంకా చెడ్డది, బేరింగులు పోతాయి. ఫ్లష్‌కు చవక 10డబ్ల్యూ-40 మినరల్ చాలు. ఎక్స్‌పీఎస్ (సీడూ కంపెనీ సొంత ఆయిల్) చివరి నింపుడుకు ఉంచుకోవాలి.

సిలిండర్లలో ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే) కొట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఇంధనం లేకుండా ఇంజన్ తిప్పి ఉంచాం. మానిఫోల్డ్ చెన్నైలో వెతుకుతున్నాం, సెకండ్ హ్యాండ్ దొరికినా ముందు వేడినీళ్ళ తొట్టి పరీక్షే. అది బిగించాక ఇంకో రెండు మార్పులు, తర్వాత సముద్రంలో అరగంట గట్టిగా నడిపి మళ్ళీ 100 మి.లీ. శాంపిల్.