మావయ్య పెట్టెలోని చాకు

పండుగకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వెళ్లాను. సైన్యంలో పారా కమాండోగా పనిచేసి వచ్చిన మావయ్య ఇనుప పెట్టె తెరుస్తుంటే చిన్నపిల్లాడిలా పక్కన కూర్చున్నాను. ఆ కమాండోలు ధరించే బలిదాన్ బ్యాడ్జి మీద రెక్కలతో, మొన కిందికి తిరిగి కనిపించే బాకు లాంటిదే బయటికి వస్తుందని నా ఆశ. వచ్చింది మాత్రం పిడి అరిగిన మామూలు చాకు.

"దీనితో ఎంతమందిని..." అని నేను నసిగేలోపే, "డబ్బాలు తెరిచానురా, తాళ్లు కోశాను" అన్నాడు.

తర్వాత కమాండో కత్తుల గురించి కాస్త చదివాను. షాంఘై పోలీసుల్లో పనిచేసిన ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోల కోసం రెండంచుల బాకు రూపొందించారు. సన్నగా, పొడవడానికే పుట్టినట్టు ఉంటుంది. సైనికులేమో దానితో పెట్టెల మూతలు ఎత్తబోయి మొనలు విరగ్గొట్టుకున్నారట! అమెరికా మెరైన్లు 1942లో తీసుకున్న కా-బార్ చాకు అలా కాదు. 7 అంగుళాల దిట్టమైన అలుగు. పోరాటానికీ పనికొస్తుంది, డబ్బా తెరవడానికీ పనికొస్తుంది. మావయ్య ఓటు దానికే (నాది ఇప్పటికీ ఆ సన్నని బాకుకే, అందం కోసం).

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు దారికి అడ్డంపడిన మట్టలను మావయ్య కొబ్బరి కత్తితోనే నరికాడు. ఈ చాకు ఆ రోజు పెట్టెలోనే ఉంది.

మేము మాట్లాడుకుంటుంటే అత్తయ్య కత్తిపీట ముందు వంకాయలు తరుగుతూ, "ఆ ముచ్చట్లు చాలు, ముందు ఈ కత్తిపీటకు సాన పట్టించండి" అంది. కమాండో వెంటనే లేచాడు.