డిప్‌లో ఈ తూరి ఖాయమంట!

తిరుమల సుప్రభాత సేవ టికెట్లకు కంప్యూటర్‌లో తీసే లక్కీ డిప్‌లో మా పిన్నమ్మకు ఇంతవరకూ తగల్లేదు. "ఇన్ని నెల్లు రాలేదంటే ఈ తూరి ఖాయం రా" అని కొర్లగుంట ఇంట్లో కూర్చుని ఒకటే ధీమా. కంప్యూటర్‌కు పాత బాకీలు గుర్తుండవు పిన్నమ్మా, ప్రతి డిప్పూ కొత్తదే అన్నాను. 1913లో మాంటేకార్లో క్యాసినోలో ఎరుపు, నలుపు గళ్లున్న రూలెట్ చక్రంలో బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపే వస్తుందని పందెం కాసినవాళ్లు నిండా మునిగారు.

ఆమె మిక్చర్ నములుతూనే, "వాళ్లు దుడ్లు పెట్టినారు. పేరిచ్చేదానికి నాకేం ఖర్చు?" అనింది.

అదీ నిజమే! లెక్క తప్పయినా నిర్ణయం కరెక్టే. వచ్చే నెల డిప్‌కు ఆధార్ నంబరు కొట్టే డ్యూటీ మళ్లీ నాకే పడింది, ఓటీపీతో సహా.