ముక్కువైపు తిరగని కన్ను

కిందటి ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, మేడ మీద తూర్పుముఖంగా నిలబడి సూర్యనమస్కారం చేసుకుంటున్న మా నాయన, తల తిప్పకుండా ఎడమవైపు చూస్తే తిరుమల కొండ అంచు రెండుగా కనబడుతోందని అన్నారు. ఏ కన్ను మూసినా కొండ ఒక్కటే. అద్దాలు మార్పించాలనుకుని మేము రెండు రోజులు పోగొట్టాము. ఆ రెండు రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

న్యూరాలజీ డాక్టరు ఒక పెన్ను చూపించి, తల కదపకుండా దానినే చూడమన్నారు. పెన్ను ఎడమకు జరిగినప్పుడు ఎడమ కన్ను అటు వెళ్లి అంచున అదరసాగింది గాని, కుడి కన్ను నడిమధ్యనే ఆగిపోయింది. తరువాత అదే పెన్నును మెల్లగా ముక్కు దగ్గరకు తెచ్చారు. అంతవరకు మొరాయించిన కుడి కన్ను చక్కగా లోపలికి వాలింది! కండరమూ దాని నరమూ బాగానే ఉన్నాయనడానికి అదే సాక్ష్యమని ఆయన చెప్పారు.

పక్కచూపుకు ఆజ్ఞ మెదడుకాండంలోని పాన్స్ అనే భాగంలో, ఆరవ కపాల నరం కేంద్రకం, అంటే ఆ నరం మొదలయ్యే నరకణాల గుంపు, నుంచి వెలువడుతుంది. ఎడమకు చూడాలంటే ఎడమ కేంద్రకం తన పక్కనున్న కన్నును బయటికి తిప్పుతూనే, అవతలి పక్కకు దాటి పైకి పోయే సన్నని నరాల కట్ట ద్వారా, మధ్యమెదడులోని మూడవ నరం కేంద్రకానికి కబురంపి కుడి కన్నును లోపలికి తిప్పిస్తుంది. నాయనకు దెబ్బతిన్నది ఆ కట్టే. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కళ్లు రెండూ ముక్కువైపు రావడానికి ఆ దారితో పని లేదు. పెద్దవయసువారిలో దీనికి తరచుగా పక్షవాతం, చిన్నవయసువారిలో నరాల పైపొరను పాడుచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు కారణమవుతాయి. ఎమ్మారైలో కనిపించినది పెసరగింజంతైనా లేని తెల్లచుక్క.

ఆ కట్టతో పాటు అదే పక్కనున్న పక్కచూపు కేంద్రమూ దెబ్బతింటే, ఒక కన్ను ఎటూ పక్కకు కదలదు, రెండవది బయటికి మాత్రమే పోతుంది. 1967లో మిల్లర్ ఫిషర్ అనే నరాల వైద్యుడు దీనికి 'ఒకటిన్నర' అని పేరు పెట్టారు. పాన్స్ ముందుభాగం రెండు పక్కలా పాడైనప్పుడు కాళ్లూ చేతులూ మాటా పోయినా, కిందికీ పైకీ చూసే శక్తి మిగిలి ఉండవచ్చు, ఎందుకంటే దాని కేంద్రం మధ్యమెదడులో ఉంది. అటువంటి రోగులు తెలివితోనే ఉండి, కళ్లు పైకెత్తి అవునని చెప్పగలరు. మంచం పక్కన నిలబడినవారు ఆ చూపును గమనించకపోతే, అన్నీ వింటున్న మనిషిని స్పృహ లేదనుకుంటారు.

నాయన ఇప్పుడు కొండను చూడాలంటే ముఖమంతా ఎడమకు తిప్పుతారు. అప్పుడు ఒక్కటే కొండ కనబడుతుంది.