తరిమెల బస్సులో పెద్దాయనతో పంచాయితీ

కర్నూలు నుంచి అనంతపురం దాకా రాయడానికేం లేదు, అందరికీ తెలిసిన హైవేనే, గుత్తి దాటేసరికి నిద్రపోయినా. అనంతపురంలో దిగి ఉగ్గాని బజ్జీ తింటే ప్లేటు చిన్నదైంది రేటు పెద్దదైంది, మా కర్నూల్లోనే ఇంకా నయం. తరిమెలకు ఆటోవాళ్ళు చెప్పిన రేటుకు ఒళ్ళు మండి బస్సు కోసం కూచున్నా, అదే మంచిదయింది.

కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి పుట్టిన ఊరు చూడ్డానికి పోతాండా అని చెప్పేసరికి పక్కసీటు పెద్దాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి "యా ఊరప్పా మీది" అని మొదలుపెట్టినాడు, ఇంక దిగేదాకా ఆపలేదు. ఎనభై దగ్గరపడినట్టుంది వయసు, గొంతు మాత్రం ఖంగుమంటాంది.

వాళ్ళ నాయన అనంతపురంలో హమాలీ అంట, 1952 ఎలక్షన్ ఎట్ల జరిగిందో ఆయన చెప్పిందే ఈయన నాకు చేసి చూపించినాడు. అప్పుడు గుర్తు మీద ముద్ర వేసేది లేదు, ఒక్కో క్యాండిడేటుకు ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. పెద్దాయన తన టిఫిన్ డబ్బా, నా నీళ్ళ బాటిల్ ఒళ్ళో పక్కపక్కన పెట్టి, డబ్బాను తట్టి ఇది కాడెద్దులు అన్నాడు, బాటిల్ ను తట్టి ఇది కంకి కొడవలి అన్నాడు, బస్సు టికెట్ నాలుగు మడతలు పెట్టి రెండింటి మధ్యలో అటూ ఇటూ ఆడిస్తా "బావకేయాల్నా, బామ్మర్దికేయాల్నా" అని నా మొహంలోకి చూసినాడు. కాంగ్రెస్ తరఫున నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టు తరఫున నాగిరెడ్డి, సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి సొంత అక్కచెల్లెలే. బామ్మర్దే గెలిచినాడు. ఇది నేను చదివి తెలుసుకున్నదే గానీ ఆ మడత టికెట్ చూసినాక ఆ రోజు ఓటేసేవాళ్ళ చేతులు ఎంత ఆగింటాయో అనిపించింది.

తర్వాత 1957 లో అనంతపురం ఎంపీ, 62 లో పుట్లూరు ఎమ్మెల్యే, 67 లో మళ్ళీ అనంతపురం ఎమ్మెల్యే. ఆ 67 లోనే పెద్దాయన మొదటి ఓటు. 1969 మార్చిలో నాగిరెడ్డి అసెంబ్లీకి రాజీనామా చేసినాడు కదా, ఆ మాట వచ్చేసరికి ఆయనకు కోపం వచ్చేసింది. "మేమేసిన ఓటు తీసి ఇసిరేసినట్టయ్యింది" అన్నాడు. ఇన్నేళ్ళ కిందటి కోపం ఇంకా అంత వేడిగా ఉంటాదని నేను అనుకోలేదు.

నేనూ ఊరుకోలేదు. బెంగాల్లో నక్సల్బరీ రైతుల తిరుగుబాటు తర్వాత సీపీఎం నుంచి బయటికొచ్చి దేవులపల్లి వెంకటేశ్వరరావు, అప్పట్లో మా కర్నూలు జిల్లాలోనే ఉన్న వెలుగోడు చండ్ర పుల్లారెడ్డి లాంటివాళ్ళతో కలిసి మన రాష్ట్రం వరకే ఒక చిన్న పార్టీ కట్టుకున్నాడు, అసెంబ్లీతో భూమి సమస్య తీరదని నమ్మినోడు అక్కడ కూచుని జీతం తీసుకుంటే అది తప్పు కాదా అన్నా. "అదంతా సరే, భూమి గురించి ఆడ అడిగేటోడు ఒకడు తక్కువైనాడా లేదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తరిమెలలో చూసింది కొంచెమే, చీనీ తోటలు, రచ్చకట్ట, ఒక టీ. "మా ఊరాయనే" అని పిల్లోళ్ళు కూడా చెప్పినారు, అది నాకు భలే సంతోషమయింది.

రాజీనామా చేసిన ఏడాదే డిసెంబర్ లో మద్రాసులో అరెస్టు, కుట్ర కేసు, కోర్టులో చెప్పుకున్న స్టేట్మెంటే తాకట్టులో భారతదేశం అని పుస్తకం. 71 లో పుల్లారెడ్డి వాళ్ళు చీలిపోయి చిన్న పార్టీ ఇంకా చిన్నదయింది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండి 1976 జూలై 28న ఉస్మానియా ఆస్పత్రిలో వేరే పేరుతో చనిపోయినాడు. మరుసటేడు జూలై 25న బావ రాష్ట్రపతిగా ప్రమాణం చేసినాడు. సరిగ్గా ఏడాది కూడా కాలేదు, ఒకే ఇంటి చుట్టరికంలో ఒకరికి రాష్ట్రపతి భవన్, ఒకరికి సొంత పేరు కూడా లేని మంచం. నాకు కడుపులో దేవినట్టయింది రాస్తాంటే కూడా.

ఇప్పుడు మన సీమలో టికెట్లు నాయన నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి పోతాంటే చూస్తానే ఉన్నాం, కాబట్టి సొంత బావ మీదే పోటీకి నిలబడిన నాగిరెడ్డి మీద నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. అయినా రాజీనామా సంగతిలో మాత్రం నేను పెద్దాయన పక్కకే జరిగినా. 72 ఎలక్షన్ దాకా ఇంకో మూడేళ్ళు ఆ సీట్లో ఉండింటే, బయట పార్టీ పని చేసుకుంటా లోపల అడగాల్సింది అడిగింటే అనంతపురం కూలోళ్ళకు మేలే జరిగేది. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి, వింటా.